మూడో మనిషి కట్టెలు

పెంచలమ్మ పొయ్యిలోంచి ఎంత పొగ లేస్తుందో చూసుకోవడానికి ఆత్మకూరు నుంచి పనిగట్టుకుని ఒక మనిషి వస్తారంటే విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వినా నవ్వకపోయినా ఐదేళ్ళుగా వస్తూనే ఉన్నారు. దేశంలో వంటకీ, వెలుతురుకీ, బండ్లకీ కాల్చేదాన్నంతా ఏటేటా కూడి, పొగ పెరుగుతోందా తగ్గుతోందా అని గీత గీస్తారట. ఆ గీతలో వరికుంటపాడు దారిలో ఉన్న ఈ గొర్రెలకాపరి ఇంటికి కూడా చోటు దొరికింది. ఎప్పుడూ వచ్చే అతను ఉద్యోగం మానేశాడు. ఈ జనవరిలో నిరోష అనే కొత్తమ్మాయి ట్యాబు, కొక్కెం త్రాసు పట్టుకుని బస్సు దిగింది.

"ఇంట్లో ముగ్గురేనా అమ్మా? పోయినేడు ముగ్గురని ఉండాది."

"ముగ్గురే," అంది పెంచలమ్మ.

అబద్ధమాడాలని ఆడలేదు. ఆ పిల్లే ముగ్గురంది, ఈమె అవునంది, అంతే. పోయిన మే నెలలో కొడుకు పవన్ ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుతూ వడదెబ్బకు పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్ళవాడు. ఊరంతా గుండెలు బాదుకుంది గానీ పెంచలమ్మ కంట చుక్క నీరు రాలేదు. ఇదేం తల్లో అన్నారు కొందరు. లోకుల నోటికి మూకుడు పెట్టగలమా? ఎనిమిది నెలలుగా ఆమె లేస్తోంది, ఊడుస్తోంది, వండుతోంది. పన్ను పీకడానికి సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, ఆమెకు ఒళ్ళంతా అలా ఉంది.

నిరోష తన పద్ధతి చెప్పింది. పది కిలోల చిల్లకట్టెలు తూచి పక్కన పెడుతుంది. రేపు ఇదే వేళ దాకా వాటిలోంచే వాడుకోవాలి. మిగిలినవి తూస్తే ఎంత కాలిందో తేలిపోతుంది.

మర్నాడు తూస్తే ఎనిమిది కిలోలు మిగిలాయి. అంకె కొట్టగానే ట్యాబు ఎర్రబడింది.

"రెండు కిలోలేనా? పోయినేడు ఆరు కాల్చినారు గదమ్మా. అంతా గ్యాసు మీదే వండతా ఉండారా?"

"గ్యాసు టీ నీళ్ళకే పాపా."

"తగ్గితే మంచిదే. దేశమంతా తగ్గాలనే గదా మా తిప్పలు. అయితే ముగ్గురుండే ఇంట్లో ఒక్కసారిగా ఇంత తగ్గదు. మా సారు తిప్పి పంపిస్తాడు. మనుషుల లెక్కన్నా తప్పయి ఉండాల, కట్టెల లెక్కన్నా తప్పయి ఉండాల. ఏది తప్పు?"

ఒక్క మాట అంటే సరిపోయేది, ఇద్దరమే అని. ఆ మాట పెంచలమ్మ నోట ఇంతవరకూ రాలేదు. రేషన్ కార్డులో పేరు తీయించడానికి కూడా మొగుడు మాలకొండయ్యే వెళ్ళి చెప్పి వచ్చాడు.

"కట్టెలే తప్పు," అంది. "నిన్న ఒళ్ళు బాగలేక సరిగా వండలా. ఇంకోసారి తూచు పాపా."

నిరోష విసుక్కోకుండా మళ్ళీ పది కిలోలు తూచిపెట్టి వింజమూరు బస్సెక్కింది.

పవన్‌కు ఎండాకాలమైనా చలికాలమైనా తేడా లేదు. గొర్రెల వాసన వదలాలంటే కాగు నిండా వేణ్ణీళ్ళు పడాలి. వాడు పోయాక పెరట్లో పొయ్యి వెలిగించడం మానేశారు. మాలకొండయ్య బోరు దగ్గరే ఒళ్ళు కడుక్కుని వస్తున్నాడు. ఆ సాయంత్రం పెంచలమ్మ కాగు తోమి నీళ్ళు నింపింది. మంట ఒక పట్టాన అంటుకోలేదు. ఊదీ ఊదీ నీళ్ళు మరిగించింది, ముగ్గురికి సరిపడా అన్నం కూడా వండింది. మంద తోలుకొచ్చిన మాలకొండయ్య పెరట్లో ఆవిరి చూసి నిలబడిపోయాడు.

"ఎవురికే ఈ నీళ్ళు?"

"కట్టెలు కాలాల గదా."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అడగడానికి భయమేసింది. చేయి కూడా ముంచకుండా లోపలికి వెళ్ళిపోయాడు. నీళ్ళు అలాగే చల్లారిపోయాయి, మిగిలిన అన్నం కుక్కకు పోయింది.

మర్నాడు నాలుగు కిలోలు మిగిలాయి.

"చూసినారా, ఇప్పుడు అచ్చంగా సరిపోయింది!" అంది నిరోష. ఎరుపు పోయింది.

పెంచలమ్మకు ఊపిరి కొంచెం తేలికగా ఆడింది. ఊళ్ళో లేకపోతే పోయాడు, దేశం లెక్కలో వాడున్నాడు. పిచ్చి సంతోషమే. అయినా సంతోషమే.

"వయసులు సరిచూసి పంపించేస్తా. మాలకొండయ్య, నలభై తొమ్మిది. పెంచలమ్మ, నలభై నాలుగు. పవన్, ఇరవై మూడు."

"ఇరవై రెండు."

"అది పోయినేటిదమ్మా. అందరికీ ఒకేడు కలుపుతాం గదా, ఇప్పుడు ఇరవై మూడు."

"లేదు పాపా, ఇరవై రెండే. వాడికింక కలపబాకు."

నిరోష తలెత్తి ఆమె ముఖం చూసింది. ట్యాబు మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

"వాడు లేడు పాపా," అంది పెంచలమ్మ. "ఇద్దరమే. నీళ్ళు నేనే ఊరికే కాంచినా. ఇద్దరమని రాసుకో."

ఆ మాట తన నోట తానే విని, ఎనిమిది నెలల తర్వాత, పరాయి పిల్ల చేయి పట్టుకుని ఏడ్చింది.