మాస్టారు కోరుకున్న కుర్చీ

దుర్గాశ్రీ పేరు వింటే పల్లంరాజు మాస్టారికి ఒళ్ళు మండేది. దాపరికం దేనికి, అది అసూయే. తణుకులో ఆయన పాఠం చెప్పే కాలేజీలో మూడేళ్ళు చదువుకున్న పిల్ల. ఆమె రికార్డు పుస్తకం నిండా ఎర్రసిరాతో "తప్పు. దిద్ది మళ్ళీ చూపించు" అని రాసిన చెయ్యి ఆయనది. ఇప్పుడేమో మెయిలు తెరిస్తే చాలు, "దుర్గాశ్రీ గారికి ధన్యవాదాలు" అన్నమాటే. ఏకై వచ్చి మేకై కూర్చుందని మాస్టారి బాధ.

సంగతేమిటంటే, ఇంటర్నెట్టు ఫోను తీగ మీద గీపెడుతూ వచ్చే రోజుల్లో, 2001లో, మాస్టారు తెలుగు టైపు చేసుకునే ప్రోగ్రాం ఒకటి రాశారు. 'కలువ' అని పేరు పెట్టి ఊరికే పంచారు. లోపలి రాత, అంటే కోడు కూడా దాచలేదు. ఎవరైనా చదవొచ్చు, మార్పు రాసి పంపొచ్చు. ఏ మార్పు అసలు కలువలో చేరాలో తేల్చేది మాత్రం మాస్టారే. ఆ పాస్‌వర్డు ఆయనొక్కరికే తెలుసు. మూడేళ్ళలో నలభైమంది పోగయ్యారు. వాళ్ళందరిలోనూ బాగా రాసేది దుర్గాశ్రీ. అది ఒప్పుకోవడానికే మాస్టారికి ప్రాణం ఒప్పలేదు.

మనుషులు పెరిగితే తగువులూ పెరుగుతాయి కదా. ఆ ఏడు ఆగస్టులో నిడదవోలు నుంచి దుర్గాశ్రీ అందరికీ ఒక ఉత్తరం పంపింది. పెత్తనాన్ని రెండు మండళ్ళకు పంచుదామంది. ఏ మార్పు చేరాలో సాంకేతిక మండలి తేలుస్తుంది. సమావేశాలు, నియమాలు, బయటివాళ్ళతో మాటలు పాలక మండలి చూస్తుంది. ఒక మనిషి రెండింటిలో ఉండకూడదు. "సాంకేతిక మండలికి మాస్టారే పెద్దగా ఉండాలని నా మనవి" అని చివర్లో రాసింది.

"అమ్మ దొంగా! చాకిరీ నాకు, అధ్యక్ష పీఠం తనకూనా! ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాణ్ణి, నా దగ్గరా?" అన్నారు మాస్టారు.

ఆయన భార్య మహాలక్ష్మమ్మ గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. "ఆ అమ్మాయి మిమ్మల్నే పెద్దగా ఉండమంటోంది కదండీ. మా అన్నయ్య నీటి సంఘం ప్రెసిడెంటయ్యాడని ఊరంతా దండలేశారు. తీరా నాట్లప్పుడు తూము ఎత్తే తాళంచెవి కాలవ చూసే లస్కరు ముసలయ్య దగ్గరుంది. ప్రెసిడెంటుగారు వెళ్ళి ఆయన గుమ్మం ముందు నిలబడ్డారండి."

"నీళ్ళ సంగతి వేరు, ఇది వేరు. నీకు తెలియదులే."

ఆదివారం కాలేజీ గదిలో పదకొండుమంది కూర్చున్నారు. మాస్టారు అందరికన్నా ముందు లేచి, "పాలక మండలికి నేనే అధ్యక్షుడిగా ఉంటాను" అన్నారు.

దుర్గాశ్రీ ముఖం వాడిపోయింది. "సార్, మరి సాంకేతిక మండలికి ఎవరుంటారండి? అది మీరు చూడాల్సిందండి."

వాడిన ఆ ముఖం చూసి మాస్టారికి కడుపు నిండిపోయింది. తను గురి చూసి కొట్టాననే అనుకున్నారు. "నువ్వు చూసుకో అమ్మా, నేర్చుకుంటావు" అని పెద్దమనసు చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు, మాస్టారికి బంతిపూల దండ వేశారు. పాస్‌వర్డు ఆయన కాగితం మీద రాసి ఇస్తే, ఆ పిల్ల రెండు చేతులా అందుకుంది.

అధ్యక్షులవారికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. వచ్చే సమావేశం తునిలో పెడదామా, కలువ బొమ్మ గులాబీరంగులో ఉండాలా తెలుపులోనా. ధన్యవాదాలు మాత్రం దుర్గాశ్రీకే. మాస్టారికి మంట రెట్టింపయింది. ఇలాక్కాదు, కలువ ఎవరిదో చూపిస్తానని పది రోజులు కూర్చుని ఒక పెద్ద మార్పు రాశారు. ఎప్పటిలాగే తన పాస్‌వర్డు కొట్టారు. అది మారిపోయి ఉంది. అది ఇక సాంకేతిక మండలి చేతిలోనే ఉండాలన్న కొత్త నియమం అప్పటికి గుర్తొచ్చింది. కలువను పుట్టించిన మనిషి తన రాతను సాంకేతిక మండలికి పంపి, మూడు రోజులు పొద్దునా సాయంత్రం నెట్ సెంటరుకు తిరిగాడు.

"ముసలయ్య ఇంట్లో ఉన్నాడాండీ?" అంది మహాలక్ష్మమ్మ.

నాలుగో రోజు జవాబొచ్చింది. "సార్, నమస్కారమండి. మీరు రాసింది రెండుసార్లు చదివానండి. లక్ష్మి అని కొడితే కలువ ఆగిపోతోందండి. దయచేసి దిద్ది మళ్ళీ పంపండి. తాళం మీ చేతిలోనే ఉండాలని ఆ ఉత్తరం రాశానండి. మీరు ఆ కుర్చీ ఎందుకు కోరుకున్నారో నాకిప్పటికీ తెలియలేదండి."

అబద్ధం, కావాలని తప్పు పట్టింది అనుకున్నారు మాస్టారు. అబద్ధమే కావాలని మనసారా కోరుకున్నారు. భార్య పేరు టైపు చేశారు. సగంలోనే కలువ ఆగిపోయింది. ఇంకోసారి కొట్టారు. మళ్ళీ ఆగింది.

అసూయ ఏమీ చల్లారలేదు. ఇంకాస్త మండింది కూడా. అయినా తప్పు తప్పే కదా, దిద్దారు. పంపే ముందు, ఇంకేం తప్పుందో, ఆ పిల్ల ఏం పట్టుకుంటుందోనని, రికార్డు పుస్తకం పట్టుకుని వరసలో నిలబడ్డ కుర్రాడిలా భయపడుతూ, మొదటినుంచి మళ్ళీ చదువుకున్నారు.