లూదింగ్‌కి ఒక ముద్ద

ప్రతి గురువారం పొద్దున్నే మనీలా బస్సులోంచి దిగే కట్టను బిరింగ్ విప్పేది. కొత్త బొమ్మల పుస్తకాలను ఒక్కొక్కటిగా అంగడి ముందున్న తీగకు బట్టల క్లిప్పులతో తగిలించేది. తీగ కింద ఒక బల్ల ఉండేది. మా బతాక్ బజారులో పుస్తకం కొనేవాళ్లు తక్కువ, అద్దెకు చదివేవాళ్లే ఎక్కువ. బల్ల మీద కూర్చుని చదువుకుని, మళ్లీ క్లిప్పుకు తగిలించి పోవాలి. బిరింగ్‌ను పిల్లా పెద్దా అందరూ పిన్నిని పిలిచినట్టు నానా అనే పిలిచేవాళ్లు.

అందరూ ముందు తెరిచేది లూదింగ్ కథే. పడవ తప్పిపోయి, కాలినడకన ఇంటికి బయల్దేరిన మనిషి లూదింగ్. ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే ఉంది. అంత నడిచే మనిషికి ఆకలి వేయదా? అందుకని చదివేవాళ్లు తాము తింటున్నదాంట్లోంచి కాస్త తుంచి ఆమె బొమ్మ మీద పెట్టేవాళ్లు. నూనెలో వేయించిన కజ్జికాయలాంటి ఎంపనాడా అంచో, అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన కొబ్బరి తుపిగ్ ముక్కో ఏదో ఒకటి. పోయినవాళ్లకే ముద్ద తీసిపెట్టే ఊరు మాది, నడుస్తున్న మనిషికి పెట్టకుండా ఉంటామా! పేజీ తిప్పేసరికి ముక్క మాయమయ్యేది, నూనె మరక మిగిలేది. వారం తిరిగేసరికి లూదింగ్ ఆ తుపిగే తింటూ కనిపించేది. ఒకసారి ఆమె మాటల బుడగలో ‘ఎంపనాడాలో ఉప్పు తక్కువ’ అని అచ్చయి వచ్చింది. ఎంపనాడాల కొట్టావిడ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ జూన్‌లో, పుస్తకాలు అచ్చువేసే సంస్థను ఓ సబ్బుల కంపెనీ కొనేసిందని తెలిసింది. బల్ల మీద రోజూ రభసే.

“చూస్తూ ఉండండి, ఇక లూదింగ్ చేత బట్టలుతికిస్తారు,” అన్నాడు ట్రైసికిల్ నడిపే కులాస్.

“ఉతికితే ఉతకనీ. పాతవాళ్లు బొమ్మలేసేవాళ్లకు జీతాలే ఇవ్వలేదంట. మూసేస్తారని హడలి చచ్చాం కదా, వీళ్లు అచ్చేస్తున్నారు. దండం పెట్టుకోవాలి,” అంది కూరగాయలమ్మే ఓరియాంగ్.

“అప్పుడే వాళ్ల సబ్బు కొనేశావా, అక్కా?”

“నువ్వే కొనుక్కో, తమ్ముడూ. నీ బండెక్కినోళ్లు ముక్కు మూసుకుని దిగుతున్నారు.”

మూడో వారం కట్టలో పుస్తకాలతో పాటు ఎలుకల బోను వచ్చింది. దానితో ఒక ఉత్తరం. తిరిగి వెళ్లిన పాత ప్రతుల మీద నూనె మరకలు చూసి, కొత్త యజమానులు అవి ఎలుకల పనే అనుకున్నారు. అందుకని అద్దె ప్రతుల్లో ప్రతి పేజీకీ ప్లాస్టిక్ తొడుగు వేసి అంచులు అతికించారు. తొడుగు చింపిన అంగడికి ఇక కట్ట రాదట.

పెట్టిన ముక్క ప్లాస్టిక్ మీదే ఉండిపోయేది. చీమలు పట్టేవి. వారం వారం లూదింగ్ చిక్కిపోయింది. జూలైకల్లా మెడ ఎముకలు తేలాయి. బొమ్మలేసే ఆయనకు మావాళ్లు రాస్తే, ‘నేను నిండు బుగ్గలే గీస్తున్నాను, అచ్చయ్యేసరికి ఇలా అవుతోంది. ఎలాగైనా ఏదో ఒకటి పెట్టండి,’ అని జవాబు వచ్చింది. కంపెనీకీ నలభై ఉత్తరాలు వెళ్లాయి. అచ్చు ఆపనందుకు మీరు పదికాలాలు చల్లగా ఉండాలి, ఆ ప్లాస్టిక్ ఒక్కటి తీసెయ్యండి అని ఓరియాంగ్ రాయించింది. ఉత్తరం రాసిన ప్రతివాళ్లకూ కంపెనీ తలా ఒక సబ్బుబిళ్ల పంపింది.

ఆ గురువారం పుస్తకంలో లూదింగ్ దారి పక్కన పడిపోయి ఉంది. కళ్లు మూసుకుంది. మాటల బుడగ ఖాళీ. బిరింగ్ లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది.

“నానా, అంగడి పోతుంది. నీకింకేం ఆధారం?” అన్నాడు కులాస్.

“పోతే పోనీరా. ఇన్నేళ్లూ నాకు కూడు పెట్టింది ఆవిడే. ఆవిడ పస్తులతో పడి ఉంటే నేను అంగడి చూసుకుంటానా?”

తొడుగు కత్తిరించింది. తన మధ్యాహ్నం కోసం ఉంచుకున్న తుపిగ్‌ను తుంచకుండా మొత్తం పెట్టి పుస్తకం మూసింది.

తనిఖీకి కంపెనీ మనిషి రెలోవా వచ్చింది కూడా ఆ మధ్యాహ్నమే. సన్నగా, వాడిపోయిన మొహంతో ఉన్నాడు. నేల మీది ప్లాస్టిక్ ముక్కలు చూసి, సంచిలోంచి కాగితం తీశాడు.

“రాసుకోండి బాబూ, చించింది నేనే. అన్నం వేళకు వచ్చారు, ముందు నాలుగు మెతుకులు తినండి,” అంది బిరింగ్.

“వద్దమ్మా. బయట తినను. ఇంట్లో కూడా బిస్కెట్లే. మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది, పొయ్యి వెలిగించలేదు.” చెప్పాలనుకున్న దానికంటే ఎక్కువ చెప్పేశానని తోచి, గబగబా పుస్తకం తెరిచాడు.

లూదింగ్ లేచి కూర్చుని ఉంది. తుపిగ్‌ను రెండుగా తుంచి, ఒకటి నములుతూ, రెండోది ముందుకు చాచింది. పేజీ అంచున రెలోవా బొటనవేలి పక్కనే సగం తుపిగ్ వెచ్చగా ఉంది.

ఓరియాంగ్ పక్కకు జరిగింది. కులాస్ తువ్వాలుతో బల్ల తుడిచాడు.

“కూర్చోండి సార్, చల్లారిపోతుంది,” అన్నాడు.

మొదటి ముక్క నిలబడే కొరికాడు. తర్వాత కూర్చున్నాడు. “మా ఆవిడ కూడా ఇలాగే సగం తుంచి ఇచ్చేది,” అన్నాడు. అంతా తిన్నాక సంచిలోంచి ఒక బిస్కెట్ తీసి లూదింగ్ దగ్గర పెట్టాడు. కాగితంలో ‘ఎలుకలు’ అన్నచోట ‘లేవు’ అని రాశాడు. ‘మరకలకు కారణం’ అన్నచోట చాలాసేపు ఆలోచించి, ‘చదివేవాళ్లు అన్నం పెడుతున్నారు’ అని రాశాడు.

రెండు వారాల తర్వాత కట్ట ప్లాస్టిక్ లేకుండా వచ్చింది. తెచ్చింది రెలోవానే. మరో చేతిలో టిఫిన్ గిన్నె ఉంది. స్వయంగా వండుకొచ్చిన అన్నంలోంచి ముందుగా లూదింగ్‌కి ఒక ముద్ద పెట్టి, మిగతాది బల్ల మీదివాళ్లతో కలిసి తిన్నాడు. ఎవరూ వంక పెట్టలేదు.

తర్వాతి గురువారం లూదింగ్ బుగ్గలు నిండి, గట్టిగా అడుగులేస్తోంది. మాటల బుడగలో ఇలా ఉంది: ‘అన్నం కాస్త మాడింది. అయినా వచ్చే వారం కూడా తీసుకురా, నాయనా.’

రెలోవా ఆ మాట రెండుసార్లు చదువుకున్నాడు. పుస్తకాన్ని జాగ్రత్తగా క్లిప్పుకు తగిలించి, బియ్యం కొనడానికి బజారులోకి వెళ్లాడు.