వయొలిన్ మేష్టారి ఎడమ భుజం

ఒకప్పుడు నేనొక భారీ మనిషికి కోటు కుట్టాను. నడుము కొలవడానికి టేపు చెరో కొసా పట్టుకుని నేనొక వైపు, మా తమ్ముడొక వైపు బయల్దేరితే, మర్నాడు పొద్దున ఆయన వెన్ను దగ్గర కలుసుకున్నాం. కుట్టించుకున్న వాళ్ళందరి కొలతలకీ కాగితాలు కత్తిరించి కొట్టు అటక మీద దాచేవాణ్ణి. చెదలకి కూడా కోట్లు కుట్టించుకునే సరదా పుట్టిందేమో, సగం తినేశాయి.

మిగిలిన నాలుగు వందల పన్నెండు మందినీ మా కోడలు స్కాన్ చేసి, కాగితాలు పారేసి, ఇస్త్రీ బల్ల కింద ఒక చిన్న పెట్టెలోకి ఎక్కించింది. సర్వర్ అంటారు దాన్ని. ఇటుకంత ఉంటుంది, కుక్కపిల్లలా గురక పెడుతుంది. కొట్టు ఇప్పుడు తనదే. నేను కత్తిరిస్తాను, కబుర్లు చెబుతాను.

ఒక ఆదివారం తను కొత్త డిస్కు తెచ్చింది.

"మావయ్యా, ఈ పెట్టె పోతే మన కొట్టు పోయినట్టే. కాపీ పెట్టాలి. ఒక పద్ధతి అద్దంలాంటిది. ఇక్కడ ఏది మారితే అక్కడా అదే మారుతుంది. ఇంకోటి, ఏ రోజు కాపీ ఆ రోజు విడిగా తేదీ వేసి దాచడం. చోటు బాగా తింటుంది."

"అద్దమే పెట్టమ్మా. పాత కొలతలెందుకు, ఊరేగించడానికా? మనిషికొక కాగితం. ఒళ్ళు మారితే అదే కాగితం సరిచేసుకోవడం. అరవై ఏళ్ళు అలాగే నడిపాను."

తను ఎటూ తేల్చుకోలేకపోయింది. ఆ రోజు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి తీసి సొరుగులో పడేసి, డిస్కుకి మాత్రం నా మాట ప్రకారం అద్దం పెట్టింది.

గురువారం వయొలిన్ మేష్టారి భార్య వచ్చింది. మేష్టారు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఒంటి మీది కోటు ఆస్పత్రిలో హడావుడిగా కత్తిరించి పారేశారు. పాఠాలు మానేసేముందు శనివారం శిష్యుల ముందు చివరిసారి వాయిస్తారట.

"ఆయన నిలబడలేరు అన్నయ్యగారూ. కొలతలు మీ దగ్గరున్నాయిగా?"

ఉన్నాయి. ఆయన ఎడమ భుజం అంగుళంన్నర కిందికి ఉంటుంది. కోటు వేశాక అది తెలియకుండా చెయ్యడానికి ఆయన్ని తొమ్మిది సార్లు నిలబెట్టాను. ఎక్కడెంత సర్దానో నాకిప్పుడు గుర్తు లేదు, అంతా ఫైల్లోనే ఉంది.

ఫైలు తెరిచాను. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. మంగళవారం ఆయన కొడుక్కి కోటు కత్తిరించాను. తండ్రీకొడుకులది ఒకే ఒళ్ళు, భుజం తప్ప. తండ్రి ఫైలే తీసి, భుజం పైకి లేపి, అలవాటు కొద్దీ అందులోనే సేవ్ కొట్టాను. డిస్కులో చూస్తే అక్కడా అదే.

కిటికీలోంచి పిడుగు దూరి పెట్టెను నాకేసిందని చెప్పడానికి కథ నా నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఆవిడ చేతిసంచి పట్టుకుని నా మొహమే చూస్తోంది.

"నేనే చెరిపేశాను తల్లీ," అన్నాను.

కోడలు లేచి వచ్చింది. "అద్దం తప్పేముంది మావయ్యా. మనం మీసం గీసేస్తే అదీ గీసేస్తుంది," అంటూ సొరుగు గాలించింది. బొత్తాల డబ్బా కింద పెన్‌డ్రైవ్ దొరికింది. ఆదివారం నాటి మేష్టారు ఎడమ భుజం దించుకుని అందులో భద్రంగా ఉన్నారు.

శనివారం ఆయన కొత్త కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని వాయించారు. భుజం సంగతి నాకూ, కోడలికీ, ఆయన భార్యకీ తప్ప ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు కోడలు రోజూ కొట్టు మూసేముందు తేదీ వేసి కాపీ తీస్తుంది. నెలకొకటి పక్క వీధిలో వాళ్ళక్క ఇంట్లో పెడుతుంది. నిన్న ఒకాయనకి ఆ భారీ మనిషి సంగతి చెబుతుంటే కోడలు మిషను ఆపింది.

"మావయ్యా, పోయినేడు చెప్పినప్పుడు మీరిద్దరూ సాయంత్రానికే కలుసుకున్నారు."

"అది పాత కొలతమ్మా, తీసెయ్."

"తీయను. తేదీ వేసి ఉంచాను."