బ్రెడ్డు రూటు బేరం

ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చూసేదాకా నేను ఖాళీ అయిపోయానని నాకే తెలియదు. ఆరిన బట్టలు మడతలు పెట్టి, మావయ్యగారి చొక్కాలు ఆయన గదిలో పెట్టడానికి వెళ్తుంటే కంటపడింది. ఐదున్నరకి అత్తయ్య మోకాలి వ్యాయామం. ఆరున్నరకి వంట. ఏడున్నరకి కవలల్ని తయారుచెయ్యడం. ఎనిమిదికి స్కూల్లో దింపడం. తొమ్మిదికి బట్టలు. అలా మధ్యాహ్నం దాకా గళ్ళన్నీ నిండిపోయాయి. మావయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, టైంటేబుల్ వెయ్యకపోతే ఆయనకి అన్నం సహించదు. పైన "కోడలు" అని రాసి, స్కేలు పెట్టి రెండు గీతలు కూడా గీశారు.

"ఇదేంటి అత్తయ్యా?" అన్నాను.

"నీ బన్నుల బండి అమ్మేస్తున్నారుగా! ఇక పొద్దున్నే ఊరి మీద పడక్కర్లేదు. తీరిగ్గా ఉంటావు కదా అని మీ మావయ్యగారే కూర్చుని రాశారు. మీ వదిన కూడా పిల్లల్ని పంపిస్తానంది" అంది అత్తయ్య, నాకేదో వరమిచ్చినట్టు. వదిన అంటే మా ఆయన అక్క. పక్క వీధే. కవలలు ఆవిడ పిల్లలు.

అమ్మేస్తున్నారట! నా రూటుని. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఆ బన్నుల బండి పదకొండేళ్ళుగా నాది. పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు అమ్మి కొన్నాను. మాది బేకరీ కంపెనీ, కానీ మేం కంపెనీ ఉద్యోగులం కాదు. ఒక్కొక్కళ్ళం ఒక్కో రూటు కొనుక్కున్న కాంట్రాక్టర్లం. రూటంటే ఇన్ని వీధులు, ఇన్ని దుకాణాలు. తెల్లవారుజామున డిపోలో సరుకు ఎక్కించుకుని, మా దుకాణాల్లో బ్రెడ్డు సర్ది, మిగిలిపోయిన పాతవి వెనక్కి తేవాలి. నావి ఇరవై మూడు దుకాణాలు. ఇప్పుడేమో కంపెనీ పునర్వ్యవస్థీకరణ అంది. ఆ మాట పలకడానికి మా సూపర్‌వైజర్ మధ్యలో ఓసారి ఊపిరి తీసుకోవాల్సొచ్చింది. దాని సారాంశం ఏమిటంటే, చిన్న రూట్లు ఉండవు. పక్కపక్కన ఉన్న రెండు కలిసి ఒకటవ్వాలి. ఒకరు కొనాలి, ఒకరు అమ్మాలి, అంతా నెలాఖరులోగా. కొన్నవాళ్ళు కంపెనీకి కొద్దికొద్దిగా కట్టుకోవచ్చు. అంతా చెప్పి, ఆ సూపర్‌వైజర్ పదకొండేళ్ళుగా అనే మాటే మళ్ళీ అన్నాడు: "మీవారిని ఒకసారి రమ్మనండమ్మా, వివరంగా మాట్లాడతాను." మా ఆయనకి బన్నుకీ బ్రెడ్డుకీ తేడా తెలియడమే గొప్ప.

నా పక్క రూటు ఒక పెద్దాయనది. నేను బాబాయ్‌గారూ అంటాను. ఆయన పోయిన ఆదివారం మా ఇంటికొచ్చాడు. వచ్చింది మా ఆయన కోసం. నేను వంటింట్లో టీ పెడుతుంటే హాల్లోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "పాపం అమ్మాయి ఎంతకాలమని తిరుగుతుంది బాబూ" అని ఆయన. "నేనూ ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నానండీ, వింటేగా" అని ఈయన. నాకెప్పుడు చెప్పాడో! టీ కప్పులు పట్టుకెళ్ళేసరికి నా రూటు ఆయన కొనేట్టు బేరం కుదిరిపోయి, ఇద్దరూ క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. కప్పులు అందించి వచ్చేశాను. ఒక్క మాట అనలేదు. ఆ తప్పు నాదే. ఆ రోజు నడుం లాగేస్తోంది, అమ్మేస్తే మాత్రం ఏం పోయిందిలే అనిపించింది.

ఏం పోయేదో ఆ కాగితం చూశాక తెలిసింది. నా పొద్దున్నలు పోయేవి. వాటి గురించి నేనెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు, చెప్తే ఎక్కడ లాక్కుంటారోనని లోలోపల భయం కాబోలు. తెల్లారేసరికి నేను వ్యాన్‌లో ఉంటాను. వెనక ట్రేల్లోంచి వెచ్చగా బ్రెడ్డు వాసన వీపుకి తగులుతూ ఉంటుంది. తువ్వాలు ఎక్కడుందని అడిగేవాళ్ళు లేరు, ఉప్పెక్కువైందనేవాళ్ళు లేరు. గొంతెత్తి పాడతాను, శ్రుతి తప్పినా ఎవరూ వినరు. ఏ దుకాణానికి ఏ రోజు ఎన్ని పాకెట్లు పోతాయో నాకు తెలుసు. ఆసుపత్రి ఎదురుగా ఉన్నదానికి ముక్కలు కోసిన బ్రెడ్డే కావాలి. స్కూలు పక్కదానికి పరీక్షల రోజుల్లో బన్నులు రెట్టింపు పోతాయి. వానపడితే మలుపు దగ్గర ముసలమ్మ కొట్లో అసలేమీ కదలదు. మూడు రోజుల ముందే ఆర్డరు రాయాలి, ఎక్కువ రాస్తే మిగిలిపోతాయి, తక్కువ రాస్తే దుకాణంలో అర ఖాళీగా వెక్కిరిస్తుంది. నాకు మిగలవు, ఖాళీలూ ఉండవు. ఇంట్లో ఏదైనా అయిపోతే అది నా తప్పు. దుకాణంలో అయిపోతే అది నా గొప్ప. ఈ ఒక్క ముక్క కోసమే పదకొండేళ్ళు రోజూ చీకటితో లేచానేమో.

సంతకాలకి ముందు, కొనేవాళ్ళు అమ్మేవాళ్ళ బండిలో కూర్చుని రూటంతా ఒకసారి తిరిగి చూడాలని కంపెనీ నియమం. బుధవారం పొద్దున్న బాబాయ్‌గారు నా పక్క సీట్లో కూర్చున్నాడు. నా సీటు పక్కన మనిషి కూర్చోవడం అదే మొదటిసారి. పాట పాడలేక నాకు నోరు ఎండిపోయింది.

మొదటి మూడు దుకాణాలకీ ఆయన హుషారుగానే దిగాడు. నాలుగోదానికి తలుపు పట్టుకుని దిగాడు. ఏడోదానికి వచ్చేసరికి "నువ్వు వెళ్ళిరా అమ్మాయ్, నేనిక్కణ్ణుంచే చూస్తాను" అన్నాడు. స్కూలు పక్క దుకాణంలో మళ్ళీ పౌరుషం వచ్చి, తనే పాకెట్లు తీసుకుని సర్దడం మొదలుపెట్టాడు. పాతవి అక్కడే వెనక ఉంచేసి, వాటి ముందు కొత్తవి గబగబా పెట్టేస్తున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆగలేక, అన్నీ దింపి, కొత్తవి వెనక్కి తోసి, పాతవి ముందుకి లాగాను.

"నాకూ తెలుసమ్మా అలా పెట్టాలని" అన్నాడాయన, బండెక్కాక. "వంగితే మళ్ళీ లేవలేకపోతున్నాను. అందుకే నా దుకాణాల్లో వెనకవన్నీ పాడైపోతున్నాయి. మీ పిన్ని రోజూ పోరుతోంది, ఈ వయసులో ఇంకో రూటెందుకు, ఉన్నదే అమ్మేసి కూర్చోమని."

"మరి అమ్మెయ్యొచ్చుగా బాబాయ్‌గారూ?"

ఆయన మోకాళ్ళు రుద్దుకున్నాడు. "అమ్మేసి ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావ్ చెప్పు? తెల్లారితే ఏం చేస్తాను నేను?"

ఆయన గొంతులో భయం నిజమైనది. నాకు జాలేసింది. ఆ జాలి వెనకాలే ఇంకోటి తన్నుకొచ్చింది. మగాడు ఇంట్లో కూర్చుంటానంటే, అయ్యో ఏం తోస్తుంది పాపం అంటారు. ఆడది కూర్చుంటుందని తెలిస్తే చాలు, ఏమేం చెయ్యాలో గళ్ళు గీసి రెడీగా పెడతారు. ఆయనకి తెల్లారితే పని లేదని దిగులు. నాకు తెల్లారితే నాది కాని పని తప్ప ఇంకేదీ ఉండదని దిగులు. రెంటికీ మందు ఒకటేనని, ఆ ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినప్పుడు తట్టింది. గుండె దడదడలాడింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత దడ రాలేదు నాకు.

"బాబాయ్‌గారూ, నాది అమ్మను" అన్నాను. "మీది నాకమ్మండి."

ఆయన నా వంక తిరిగాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు, లైటు మారినట్టుంది.

"బండి తోలడం, మోయడం, వంగడం నేను చూసుకుంటాను. మీ పంతొమ్మిది దుకాణాల్లో ఎవరికేం పోతుందో మీకు తెలిసినట్టు నాకు తెలియదు. రోజూ రెండు గంటలు వచ్చి ఆర్డర్లు రాయండి. కుర్చీలో కూర్చునే పని. ఊరికే కాదు, జీతమిస్తాను."

కోపం వచ్చిందేమో, పెద్దవాణ్ణి అలా అనకూడదేమో అనుకుంటూనే బండి ముందుకి పోనిచ్చాను. ముసలమ్మ కొట్టు దగ్గర ఆగేసరికి ఆయన భుజాలు కదులుతున్నాయి. చూస్తే నవ్వుతున్నాడు.

"నీ దగ్గర ఉద్యోగమా! జీతం టైముకిస్తావా?"

"మీరు టైముకొస్తే."

"ఆదివారం మీ హాల్లోనే అడిగి ఉండాల్సింది కదమ్మా ఈ మాట."

"ఆదివారం మీరు నన్ను అడగలేదుగా బాబాయ్‌గారూ."

ఆయన నవ్వు ఆపి, తల ఊపాడు. తర్వాతి దుకాణాలకి ఆయన దిగలేదు. ఎక్కడివక్కడ నేను సర్దుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

డిపోలో సూపర్‌వైజర్ కాగితాలు తీస్తూ "మీవారు రాలేదా అమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాబాయ్‌గారు "కొనే మనిషి ఎదురుగా ఉంటే వాళ్ళాయనెందుకయ్యా నీకు? ముందు ఆవిడకి కుర్చీ వెయ్యి" అన్నాడు. సూపర్‌వైజర్ ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూసి కుర్చీ జరిపాడు. పదకొండేళ్ళలో ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. కుర్చీ ఒక కాలు కుంటిది. అయినా నాకు భలే హాయిగా ఉంది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే "పనయిందా?" అన్నాడు.

"అయింది. బాబాయ్‌గారి రూటు నేను కొన్నాను."

ముందుగా తేరుకుంది అత్తయ్యే. "అయితే నా మోకాలో?"

"మావయ్యగారు ఐదింటికే లేస్తారుగా అత్తయ్యా. ఆయనే చేయిస్తారు. ఎన్నిసార్లు వంచారో లెక్కపెట్టడంలో ఆయన్ని మించినవాళ్ళెవరు?" మావయ్యగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు కానీ, మనిషి కాస్త సంతోషపడ్డట్టే ఉంది. "కవలలకి నాన్న ఉన్నాడు. ఆయనకి కారు కూడా ఉంది. వదినకి నేనే ఫోన్ చేసి చెప్తాను."

మా ఆయన చెడ్డవాడేం కాదు. సోఫాలో కూలబడ్డాడు. "నలభై రెండు దుకాణాలు! చెయ్యగలవా?" అన్నాడు.

"చేస్తాను."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడగడానికే తెచ్చాను" అని సంచీలోంచి ఒప్పందం కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. "మీ సంతకం కావాలి. రేపు పొద్దున్నే డిపోలో ఇచ్చెయ్యాలి."

ఆయన మొహం విచ్చుకుంది. జేబులోంచి పెన్ను తీసి, కళ్ళజోడు సర్దుకుని, తిన్నగా యజమాని అని ఉన్న గీత దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అప్పటికే నా సంతకం ఉంది. పెన్ను గాల్లో ఆగిపోయింది. నేను పక్కన కూర్చుని, కాగితం అడుగున చిన్న అక్షరాల దగ్గర వేలు పెట్టి చూపించాను.

"అక్కడ కాదండీ. మీరు ఇక్కడ. సాక్షి."