నలభై ఒక్క రోజులు

లెక్కల మాస్టారు పాతికేళ్లుగా పిల్లలకు కాలేజీ సిఫారసు ఉత్తరాలు రాస్తున్నారు. ఉత్తరం ఒకటే, పేరు మాత్రం మారేది. "బుద్ధిమంతులు, క్రమశిక్షణ గలవారు, సమయపాలన పాటించేవారు." దేవుడి ముందు అందరూ ఒకటే అయినప్పుడు ఒకరిని ఎక్కువ చేసి ఇంకొకరిని తక్కువ చేయడానికి తానెవరని ఆయన వాదన.

"ఆ మాటలు మన గోడ గడియారానికీ సరిపోతాయి. దానికీ ఓ సీటు ఇప్పించండి," అనేది ఇంటావిడ. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. కాలేజీ నుంచి కబురొస్తే వెళ్లారు. ప్రవేశాల గదిలో బల్ల నిండా దరఖాస్తుల కట్టలు. తల నెరిసిన గుమాస్తా ఆవిడ ఒక అమ్మాయి ఫైలు తెరిచి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"ఇది మీ ఉత్తరం. ఇది మీ బడి హాజరు పట్టీ. రెండూ మీ చేతిరాతే కదండీ?"

"అవునమ్మా."

"సమయపాలన పాటించే అమ్మాయని ఇందులో. ఏడాదిలో నలభై ఒక్క రోజులు ఆలస్యమని అందులో. ఏది నమ్మమంటారు?"

మాస్టారు హాజరు పట్టీ దగ్గరికి లాక్కుని చూశారు.

"మార్కులు బాగున్నాయి. తను రాసిన వ్యాసమూ బాగుంది. కానీ మావాళ్లు మనిషి ఎలాంటిదో కూడా చూస్తారు. అది చెప్పాల్సింది మీరే. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ఈలోగా ఇది తేలకపోతే ఫైలు పక్కన పడేస్తారు."

మాస్టారు తిన్నగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లారు. తడి చేతులతోనే తలుపు తీసింది. లోపల మంచం మీద వాళ్లమ్మ, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన మనిషి, దిండుకు ఆనుకుని ఉంది.

"పొద్దున్నే అమ్మకి ఒళ్లు తుడిచి, తినిపించి, పక్కింటి పిన్ని వచ్చాక బయల్దేరతానండీ. పిన్నికి ఆలస్యమైతే నాకూ ఆలస్యమే."

"ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదేం తల్లీ?"

"మీరు అడగలేదుగా మాస్టారూ. 'మహారాణి గారు వేంచేశారా' అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని."

ఆయన తల దించుకున్నారు. "ఉత్తరంలో ఇదంతా రాస్తానమ్మా."

"వద్దండీ. అమ్మ జబ్బు చూపించి సీటు అడగను."

మళ్లీ కాలేజీకి వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుని, అలవాటు కొద్దీ కాగితం పైన దేవుడి పేరు రాశారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. దేవుడికి అందరూ ఒకటే, నిజమే. కానీ ఆయన ఒక్కొక్కరినీ ఎరుగును కదా! నాకా ఎరుక ఏదీ?

ఆ పేరు కిందే రాయడం మొదలుపెట్టారు.

"ఈ అమ్మాయి నలభై ఒక్క రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. నలుగురిలో ఎగతాళి చేశాను. తను ఒక్క సాకూ చెప్పలేదు. సగంలో ఉన్న లెక్కను పక్క పిల్ల పుస్తకంలో చూసి అందుకునేది. కారణం నాకు ఈ రోజే తెలిసింది. చెప్పుకోవడం తనకు ఇష్టం లేదు కాబట్టి నేనూ చెప్పను. ఆ నలభై ఒక్క రోజులూ తనకు మంచి పేరే తెస్తాయని మాత్రం సాక్ష్యమిస్తున్నాను. పాత ఉత్తరం నేను మనిషిని చూడకుండా రాసింది. తప్పు నాది."

గుమాస్తా రెండుసార్లు చదివింది. పాత ఉత్తరం తీసేసి, ఆ చోట దీన్ని గుచ్చి, ఫైలును కమిటీ ట్రేలో పెట్టింది.

"వాళ్లేమంటారో నా చేతిలో లేదు మాస్టారూ."

"తెలుసమ్మా." ఆయన లేవలేదు. "మా బడి నుంచి ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"పంతొమ్మిది మంది. వాళ్ల ఫైళ్లు వచ్చే వారం కమిటీకి వెళ్తాయి."

"ఆ ఉత్తరాలు నాకిచ్చేయండి. మళ్లీ రాస్తాను."

ఆవిడ కట్ట విప్పి ఇచ్చింది. మాస్టారు మొదటి పేరు చదివారు. మొహం గుర్తొచ్చింది. ఇల్లెక్కడో మాత్రం దరఖాస్తులో చూసి ఆవిడే చెప్పాల్సి వచ్చింది.