వెనుక గేటు

కూతురు పాయిఖానా కడుగుతున్న వీడియోను సరోజన మొదటిసారి చూసింది పక్క క్వార్టర్ దేవవ్వ ఫోన్‌లో. రేవతి చేతులకు పసుపుపచ్చ తొడుగులు, చేతిలో బ్రష్షు, మొహం నిండా నవ్వు. "ఫ్రీగ ఉండి దేశాలు తిరగొచ్చని రాసిందట. మా మనుమరాలు సదివి చెప్పింది" అంది దేవవ్వ. ఆ చెప్పడంలో ఎంత జాలి ఉందో అంత సంబరమూ ఉంది.

పని చూసి ముక్కు మూసుకునే మనిషి కాదు సరోజన. గోదావరిఖనిలో ఒక ఆసుపత్రి వరండాలు ఏళ్ల తరబడి ఊడ్చింది. ఎవరెవరివో నెత్తురు గుడ్డలు ఎత్తిపోసి, ఇంటికొచ్చి తలారా స్నానం చేసి అన్నం తిన్నది. ఆమెకు వెగటు పుట్టింది ఆ నవ్వు చూసి. పని చేసి కూలి అడగకపోవడమేమిటి, పైగా దాన్ని ఊరంతా చూపించుకోవడమేమిటి?

రేవతి ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసింది. అది మానేసి, దాచుకున్న జీతంతో టికెట్ కొనుక్కుని పోర్చుగల్ పోయి ఒక హాస్టల్‌లో దిగింది. అక్కడ హాస్టల్ అంటే చదువుకునే పిల్లల హాస్టల్ కాదు. ఊళ్లు చూడవచ్చినవాళ్లు మంచం మీద మంచం వేసుకుని పడుకునే లాడ్జి. పొద్దున్నే దుప్పట్లు మార్చి, బాత్‌రూములు కడిగితే మనకో మంచం ఊరికే ఇస్తారు. దీన్ని వాలంటీర్ పని అంటారట. ఈ గడ్డ మీద దాని పేరు వెట్టి. దొర గడీలో వెట్టి చెయ్యలేకే సరోజన తాత రాత్రికి రాత్రి ఊరు విడిచి బొగ్గుబాయి పనికొచ్చాడు. మునిమనుమరాలు టికెట్ కొనుక్కుని మరీ దాన్ని వెతుక్కుంటూ పోయింది.

"పిల్ల సంబురంగ ఉన్నది గదా, నీకేం తిప్పలే?" అన్నాడు రాయమల్లు. ఆమె మొగుడు, రిటైరైన బాయి కార్మికుడు. ఒకప్పుడు యూనియన్ మీటింగుల్లో మైకు అక్కర్లేని గొంతు అతనిది. ఇప్పుడు ఆ గొంతులో దగ్గు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నం తింటుండగా రేవతి వీడియో కాల్ చేసింది. అక్కడింకా పొద్దున. ఆమె మాటల వెనక డబడబమని ఒకటే చప్పుడు.

"గదేం లొల్లి బిడ్డా? పెండ్లా?" అంది సరోజన.

"పెండ్లి కాదవ్వా. గిన్నెలు కొడుతుండ్రు. ఇంతకుముందు ఈడ క్లీనింగ్ చేసిన ఆంటీలు. జీతం పెంచుమని సమ్మె చేస్తే ఓనర్ తీసేసిండట. రోజు వచ్చి గేటు ముంగట కూసుంటరు."

"మరి వాళ్ల పని ఎవలు చేస్తుండ్రు?"

"మేమే గదా, వాలంటీర్లం" అంటూ ఫోన్‌ను కిటికీ వైపు తిప్పింది రేవతి.

కింద రోడ్డు మీద మందపాటి కోట్లలో కొందరు ఆడవాళ్లు. ఒక ముసలామె గరిటెతో మూకుడు కొడుతూ తల పైకెత్తి కిటికీ వైపు చూసింది. తననే చూసినట్టనిపించి సరోజన ఫోన్‌ను కొంచెం దూరం జరిపింది.

"వాళ్ల ముంగట్నుంచే లోపలికి పోతున్నవా?"

"తిడుతరని ఓనర్ మాకు వెనుక గేటు తాళం ఇచ్చిండు. మాకేం ఫికర్ లేదవ్వా."

వెనుక గేటు. ఆ మాట వినగానే సరోజన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఏళ్ల కిందటి పెద్ద సమ్మెలో కాలనీ ఆడవాళ్లంతా బాయి ముందు గేటు దగ్గర కూర్చుంటే, సరోజన సొంత తమ్ముడు మల్లేష్ తుమ్మ చెట్ల చాటున పోయి వెనుక గేటు నుంచి దిగాడు. అతని పెళ్లాం శ్యామల పురుడు కష్టమై ఆసుపత్రిలో ఉంది. అది అందరికీ తెలుసు, సరోజనకూ తెలుసు. అయినా మల్లేష్ పైకి రాగానే చేతి గాజులు తీసి వాడి మొహాన కొట్టింది. "నేను దిగకుంటె ఇంకొకడు దిగుతడక్కా" అని వాడు తలవంచుకుని అన్నాడు. వాడింట్లో ఎవరూ నీళ్లు ముట్టొద్దని యూనియన్ మీటింగులో అరిచి చెప్పింది రాయమల్లే. ఆ రోజు నుంచి ఈనాటి వరకు సరోజన తమ్ముడి గడప తొక్కలేదు.

"బిడ్డా, ఇయ్యాల్నే అండ్లకెల్లి బయటికి రా" అంది సరోజన.

"వచ్చి యాడ పండుకోవాలె? ఇంకా తిరిగేది మస్తున్నది. అయినా నేను పోతే ఇంకొకరు వస్తరవ్వా, లైన్ల ఉన్నరు."

సరోజన మొగుడి వైపు చూసింది. ఇప్పుడైనా ఆ పాత గొంతు లేస్తుందనుకుంది. రాయమల్లు మూతి తుడుచుకుని ఫోన్ దగ్గరికి వంగాడు. "పైలం బిడ్డా. వాళ్లతోని పంచాది పెట్టుకోకు. వెనుక నుంచే పోయి రా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక సరోజన ఒళ్లు మండిపోయింది. "గా నోటితోనే గదా నా తమ్మున్ని ద్రోహి అన్నవు?"

"అది మన బాయి. అది వేరు, గిది వేరు. గా దేశం లొల్లి మనకెందుకే?"

థూ అనుకుంది సరోజన. కంచంలోనే చెయ్యి కడిగేసి లేచింది. మొగుడి మీద అసహ్యం కన్నా ఆమెను ఎక్కువగా కాల్చింది వేరే ఉంది. వెనుక నుంచే పోయి రమ్మని అతను అన్నప్పుడు, పిల్లకు పడుకోవడానికి మంచమైతే ఉందిలే అని తన మనసు కూడా ఒక్క క్షణం కుదుటపడింది. ఛీ, ఇదా మన బతుకు!

పొద్దు వాలకముందే ఆటో ఎక్కి మల్లేష్ ఇంటికి పోయింది. వాడు వాకిట్లో కూలర్ విప్పుకుని కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది. అక్కను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. శ్యామల తలుపు దగ్గర నిలబడి చూసి లోపలికి పోయింది.

"రేవతి గూడ సమ్మె చేసేటోళ్ల పనిల చేరింది తమ్మీ. వెనుక గేటు నుంచి పోతుంది" అంది సరోజన నిలబడే. వాడు నవ్వుతాడనుకుంది. దెప్పితే బాగుండు, పడదామనే వచ్చింది.

మల్లేష్ నవ్వలేదు. "కూలెంత?" అన్నాడు.

"కూలి లేదు. పండుకోను మంచమిస్తరట."

"దానికేమన్న ఆపతి వచ్చిందా?"

"లేదు. ఊర్లు చూడవోయింది."

మల్లేష్ మొహం ముడుచుకుంది. కుళ్లినదేదో వాసన చూసినట్టు చూశాడు. "నన్ను దానితోని కలుపకక్కా. శ్యామల బతకాలని పోయిన నేను. ఊకె పోలే."

శ్యామల చెంబుతో నీళ్లు తెచ్చింది. సరోజన చెయ్యి చాచింది. మల్లేష్ మధ్యలోనే ఆ చెంబు అందుకుని కింద పెట్టాడు.

"మీరు నన్నన్న మాట నీ బిడ్డను గూడ అను. అప్పుడు తాగు."

సరోజనకు కోపం రాలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కడే వాకిట్లో నిలబడి ఫోన్ తీసింది. రేవతి ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు ఇంకా ఆగలేదు.

"బిడ్డా, నువ్వు ఆ గేటు విడిచిపెట్టేదాక మా ఇంట్ల నీకు నీళ్లు పుట్టయి."

"ఏమైందవ్వా నీకు?" అని రేవతి నవ్వింది.

ఆ వీడియోలో నవ్విన నవ్వే అది. సరోజన నవ్వలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు, బిడ్డ నవ్వు ఆగేదాకా చెవికి ఆనించుకునే నిలబడింది.