అమ్మ చెప్తానన్న రోజు

"ఈ ఇంటికి తాళమేసి ఎన్నాళ్ళయింది పెద్దాయనా?"

పొద్దుటి నుంచి యశోద ఈ మాట ఎన్ని వాకిళ్ళ ముందు అడిగిందో ఆమెకే గుర్తులేదు. జనవరి వచ్చిందంటే హొళగుంద వైపు ఊళ్ళలో సగం ఇళ్ళకు తాళాలే. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన కాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"సుగ్గికి పోయినారు తల్లీ. గుంటూరు పక్కకు, మిరపకాయ కోసేకి. మళ్ళా ఉగాదికే."

యశోద ట్యాబులో ఒక గడి నొక్కి, చున్నీతో ముఖం తుడుచుకుని, పక్క వాకిలికి నడిచింది.

ముప్పై దాటిన మనిషి. ఎండకు కమిలిన ముక్కు, సంచి మోసి మోసి ఒక పక్కకు దిగిపోయిన భుజం, పిన్నీసుతో నిలబడ్డ చెప్పు. ఆదోనిలోని ఒక సంస్థకు ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేస్తుంది. గదికి చేరాక ఇంత ఉడకేసుకుని తిని, గ్లోబల్ అండ్ డెవలప్‌మెంట్ స్టడీస్ పాఠాలు ముందేసుకుంటుంది. దూరవిద్యలో ఎమ్మే. "అది చదివితే ఏం ఉద్యోగమొస్తాది?" అని అడిగినవాళ్ళతో "ముందు పాసు కానీండి" అని మాట దాటేస్తుంది. పేజీ తిప్పేలోగా కళ్ళు మూతలు పడతాయి. ఎక్కడో బ్రెజిల్ చెరకుతోటల కూలీల గురించి రాసి ఉంటుంది. ఆమెకు మాత్రం కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీలో మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్న వాళ్ళమ్మే కనిపిస్తుంది. ఇది చదువు మీది ఇష్టమో, వట్టి మొండితనమో తేల్చుకునే ఓపిక కూడా ఈ మధ్య లేదు.

ఇక మిగిలింది ప్రాజెక్టు ఒక్కటే. వలస మీదే రాస్తోంది. చదివి దిద్దిపెట్టే వైదేహి మేడం అంతా చూసి, "అందరి మాటలూ ఉన్నాయమ్మా. మీ అమ్మగారి మాట ఏదీ?" అంది.

అదే రావడం లేదు. యశోద తల్లి హులిగమ్మ పెళ్ళయిన ఏడాది నుంచి సుగ్గికి పోతోంది. యశోదను కడుపులో మోస్తూ పోయింది, చంకనేసుకుని పోయింది. అడిగితే మాత్రం నోరు విప్పదు. "ఏముండాది సెప్పేకి? పోయినా, కోసినా, వచ్చినా" అని పొయ్యిలోకి గొట్టం ఊదుకుంటుంది. రెండేళ్ళుగా ఇదే వరస. ఒకసారి మాత్రం ఎగతాళిగా అడిగింది: "ప్రపంచం గురించి సదువుతాండావంట గదా, ఆ ప్రపంచంలో మనూరు ఉండాదా?" యశోద నవ్వేసింది గానీ, ఆ మాట చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది.

అలాంటి మనిషి నిన్న తనంతట తానే ఫోన్ చేయించింది. "ఎల్లుండి తెల్లారి లారీ వస్తాదంట. రేపు రా. అడుగు, అంతా సెప్తా" అంది. ఆమె మళ్ళీ వచ్చేసరికి ప్రాజెక్టు ఇచ్చే గడువు దాటిపోతుంది. అందుకని యశోద ఈ ఊరు గబగబా ముగించి మధ్యాహ్నం బస్సుకే వస్తానని మాటిచ్చింది.

చివరి ఇల్లు బసమ్మది. రేకుల కింద ఒంటరి ముసలిది, మాటల్లో సగం కన్నడం. అడగాల్సినవి అడిగి, యశోద లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"కూసో తాయీ. నన్ను ఒకరు అడిగి ఎన్నేండ్లాయెనో."

సుగ్గికి పోయిన కొడుకు అక్కడే జ్వరంతో పోయాడట. శవాన్ని ఊరికి తేలేక ఆ చేలగట్టునే పూడ్చారట. గుర్తుగా పెట్టిన రాయిని మరుసటి ఏడు పోతే ట్రాక్టరు ఎక్కడికో లాగేసిందట. ముసలిది ఏడవకుండా చెప్పుకుపోతోంది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. లేవచ్చు. "మళ్ళీ వస్తానవ్వా" అని ఒక్క మాట చాలు. కానీ ఎదుటి మనిషి కడుపులోది బయట పెడుతుంటే చేయి విడిపించుకుని పోవడం యశోదకు చేతకాలేదు. ఆ చేతకానితనమే ఆమె బతుకంతా.

తర్వాతి బస్సు చాలా ఆలస్యంగా వచ్చింది. ఎక్కి కూలబడ్డాక, మాటల్లో అడ్డురాకూడదని నోరు నొక్కిపెట్టిన ఫోన్‌ను సంచిలోంచి తీసింది. తన ఊళ్ళో పక్కింటి ఉచ్చీరమ్మ నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్. వెంటనే తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆదోనిలో దిగి ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఉరుకుంద ఈరన్నకు మొక్కు తీర్చుకుని వస్తున్న ఒక కుటుంబం పక్క సీట్లలో ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతోంది. యశోదకూ ఒళ్ళు తూలిపోతోంది, నిద్ర మాత్రం రాలేదు.

ఆటో దిగేసరికి పొద్దుగూకింది. వీధిలో అలికిడి లేదు. యశోద వాళ్ళ వాకిట్లో ఉచ్చీరమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"ఇప్పుడా వచ్చేది! పొద్దు తిరుగుతానే పోయినారు. కాయ రాలిపోతాండాదని మేస్త్రీ ముందుగానే లారీ తెచ్చినాడు. 'నా బిడ్డ వస్తాది, నాతో మాట్లాడల్ల' అని మీయమ్మ శానాసేపు నిలబెట్టింది. వాళ్ళు ఎంతసేపని నిలుస్తారు?"

"నాకేమన్నా చెప్పమనిందా అత్తా?"

"నీకు సెప్పేది నాకు సెప్తాదా? పొద్దున్నే తలకు పోసుకొని, మంచి సీర కట్టుకొని వాకిట్లో కూసుంది. మా కుర్చీ అడిగి తెచ్చుకొనింది. నీ బిడ్డకు కుర్చీ యాలమ్మా అంటే, 'నా బిడ్డే గానీ, పెన్ను పట్టుకొని వచ్చేవాళ్ళకు కుర్చీ ఎయ్యల్ల గదా' అనింది."

యశోద మేస్త్రీ ఫోన్‌కు చేసింది. లారీ హోరులో అమ్మ గొంతు సన్నగా వచ్చింది.

"తిన్నావా?"

"లేటయిపోయింది మా. బస్సు తప్పిపోయింది."

"పోనీలే. ఉగాదికి వస్తా గదా, అప్పుడు సెప్తా. రొట్టె కాల్చి పెట్టినా, తిను."

గడువు సంగతి యశోద చెప్పలేదు. "సరే మా" అంది. ఏడుపు వస్తున్నట్టు అమ్మకు తెలియకూడదని తనే ఫోన్ పెట్టేసింది.

ఉచ్చీరమ్మ లేచి ఇంటికి పోయింది. వాకిట్లో తాను కూర్చోవడానికి అమ్మ పరుచుకున్న గోనెపట్ట అలాగే ఉంది. యశోద చెప్పులు విడిచి దాని మీద కూర్చుంది. ఎదురుగా, తడిగుడ్డతో తుడిచి, మెత్తగా ఉండాలని తువ్వాలు మడతపెట్టి వేసిన నీలం ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది.